అడవి నిప్పు, బడి పాఠం: పిల్లలకు అగ్ని గురించి చెప్పిన తీరు, దాని చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• అడవిలో నిప్పు పెట్టడం మన దేశంలో ఎప్పుడు, ఎందుకు నేరంగా మారిందో వివరించగలుగుతారు.
• తెలంగాణ ఆకురాల్చు అడవులలో మంట ఎలా పుడుతుందో, ఏమి మిగుల్చుతుందో చెప్పగలుగుతారు.
• అగ్ని భద్రత పాఠశాల విషయంగా మారిన క్రమాన్ని గుర్తించగలుగుతారు.
• మీ ఊరి పిల్లలతో కలిసి నిప్పు చరిత్రను సేకరించగలుగుతారు.

1. పరిచయం

జోగిపేట పేరు వినగానే చరిత్ర విద్యార్థికి 1930వ సంవత్సరం గుర్తుకు రావాలి. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం ఆ ఏడాది మార్చిలో ఇక్కడే, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. తెలుగు పిల్లలకు తెలుగులో చదువు అందాలన్న కోరిక ఆ ఉద్యమానికి ప్రాణం. ఊరి మనిషికి తెలిసిన భాషలో, తెలిసిన విషయం నుంచి చదువు మొదలుకావాలని ఆనాటి పెద్దలు నమ్మారు. ఈ భాగంలో మనం చర్చించబోయే ప్రశ్న కూడా అక్కడి నుంచే పుడుతుంది.

కొన్నేళ్ళ క్రితం జోగిపేట దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో అడవులను గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అడవికి నిప్పు పెట్టడం నేరమనీ, అగ్గిపుల్ల గీసేవాడు రేపటి వర్షాన్ని కాల్చేస్తున్నాడనీ చాలా ఉత్సాహంగా చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. చివరి వరుసలోంచి ఏడో తరగతి పిల్లవాడు లేచి, "సార్, మా తాత గొర్లు కాస్తడు. ఎండకాలం గుట్ట మీద ఎండు గడ్డి కాలబెడ్తడు. మా తాత దొంగనా సార్?" అని అడిగాడు. నేను చట్టం ఏమంటుందో చెప్పాను. వాడు కూర్చున్నాడు. వాడు అడిగింది చట్టం గురించి కాదని నాకు ఇంటికి వచ్చే బస్సులో తోచింది.

మీలో కొందరు ప్రైవేటు పాఠశాలల్లో పాఠాలు చెబుతూ, కొందరు పటాన్‌చెరు కర్మాగారాల్లో షిఫ్టులు చేస్తూ ఈ కోర్సు చదువుతున్నారు. ఇలాంటి ప్రశ్న మీకూ ఎదురవుతుంది. దానికి సరైన జవాబు చెప్పాలంటే నిప్పు శాస్త్రం ఒక్కటే చాలదు, నిప్పు చరిత్ర కూడా తెలియాలి.

2. తెలుగువారి జ్ఞాపకంలో దావాగ్ని

అడవి మంటకు మన భాషలో దావాగ్ని, దావానలం, కార్చిచ్చు అనే పేర్లున్నాయి. తెలుగు సాహిత్యంలో తొలి మహాకావ్యంగా మనం లెక్కించే ఆంధ్ర మహాభారతంలో, నన్నయ 11వ శతాబ్దంలో తెనిగించిన ఆదిపర్వం ఖాండవ దహనంతో ముగుస్తుంది. అగ్నిదేవుడి ఆకలి తీర్చడానికి కృష్ణార్జునులు అడవిని కాల్పిస్తారు. అందులోని జీవులలో కొన్ని మాత్రమే బతికి బయటపడతాయి. అలా బయటపడిన మయుడే ఆ తరువాత పాండవులకు సభను నిర్మిస్తాడు. అడవి కాలడం, ఆపైన రాజ్యం వెలగడం అనే వరుసను చరిత్రకారులు గమనించారు. అడవిని నరికి, కాల్చి సాగుభూమిగా మార్చిన ప్రాచీన కాలపు జ్ఞాపకం ఈ కథలో ఉందని పలువురి అభిప్రాయం. కథను చరిత్రగా తీసుకోకూడదు. అయితే ఆ కథ చెప్పుకున్న సమాజం నిప్పును ఎలా చూసిందో దాని నుంచి తెలుసుకోవచ్చు.

భాగవతంలో మరొక చిత్రం ఉంది. పచ్చిక ఆశతో ఆవులు అడవిలో దూరం వెళ్ళిపోతాయి. గోపబాలురు వెతుక్కుంటూ వెళ్ళి దావాగ్నిలో చిక్కుకుంటారు. కృష్ణుడు ఆ మంటను మింగి వారిని కాపాడతాడు. ఎండిన గడ్డి, వేసవి గాలి, పశువుల వెంట వెళ్ళిన పిల్లలు: పశువుల కాపరుల నిజజీవితంలోని ప్రమాదమే ఇక్కడ కథగా మారింది.

ఇక పండుగలను చూడండి. తెలంగాణ పల్లెల్లో కాముని పున్నమికి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి కట్టెలు, పిడకలు పోగుచేస్తారు. ఊరి బయట, చెట్టూ గుడిసె లేని చోట కాముణ్ణి కాలుస్తారు. మర్నాడు మోదుగుపూల రంగు చల్లుకుంటారు. ఈ పండుగ వచ్చేది ఫాల్గుణ పున్నమికి. సరిగ్గా మన అడవుల్లో ఆకు రాలి, మంటలు లేచే కాలం అది. మోదుగు మంటను తట్టుకొని మళ్ళీ చిగురించే చెట్టు. పెద్దల కళ్ళెదుట, ఖాళీ స్థలంలో, గాలి చూసుకొని నిప్పు పెట్టడం పిల్లలకు ఊరు నేర్పిన తొలి అగ్ని పాఠం. దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు.

3. నిప్పు నేరమైన కాలం

వలసపాలనకు ముందు అడవిలో నిప్పు ఒక పనిముట్టు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింది ఎండుటాకును కాల్చేవారు. తునికి చెట్లకు లేత ఆకు రావడానికి, తొలకరికి మేత మొలవడానికి, పాములూ తేళ్ళూ లేని కాలిదారి కోసం నిప్పు పెట్టేవారు. కొండవాలులో చెట్లు నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లే సాగును పోడు అన్నారు. దీనివల్ల నష్టమే లేదని అనుకోవద్దు. ఒకే చోట ఏటేటా కాలిస్తే అడవి పలచబడుతుంది. ఆ సంగతి కాల్చేవారికీ తెలుసు. అందుకే పోడు చేసేవారు కొన్నేళ్ళకు ఆ నేలను వదిలి మరొక చోటికి వెళ్ళేవారు.

1864లో బ్రిటిష్ ప్రభుత్వం అటవీశాఖను ఏర్పాటుచేసి, జర్మన్ దేశస్థుడైన డీట్రిచ్ బ్రాండిస్‌ను తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించింది. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు కలప కావాలి. అడవి అంటే కలప నిల్వ, నిప్పు అంటే ఆ నిల్వను తినే శత్రువు అనే దృష్టి స్థిరపడింది. మధ్య పరగణాల్లోని బోరి అడవిలో 1860లలో పియర్సన్ అనే అధికారి మంటలు రాకుండా కాపాడి చూపించాడు. ఆ పద్ధతి దేశమంతటికీ నమూనా అయింది. 1865, 1878 అటవీ చట్టాలు, మద్రాసు రాజధానిలో 1882 చట్టం వరుసగా వచ్చాయి.

1927 భారత అటవీ చట్టం ఇప్పటికీ చాలా రాష్ట్రాల్లో అమలులో ఉంది. అందులో రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదవండి. 26వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవికి నిప్పు పెట్టడం నేరం. అనుమతించిన కాలంలో తప్ప నిప్పు వెంట తీసుకువెళ్ళడం కూడా నేరమే. 79వ సెక్షన్ ప్రకారం ఆ అడవిలో హక్కులు అనుభవించే గ్రామస్థులు మంట కనిపిస్తే వెంటనే ఆర్పడానికి సాయపడాలి. అంటే చట్టం దృష్టిలో గ్రామస్థుడు మంట పెట్టే అనుమానితుడూ అతడే, మంట ఆర్పవలసిన మనిషీ అతడే. మంటను ఎప్పుడు, ఎలా వాడాలో తెలిసిన మనిషిగా మాత్రం అతనికి అందులో చోటు లేదు.

ఈ చట్టాల ప్రభావం తెలుగు నేల మీద బలంగా పడింది. గోదావరి మన్యంలో 1879 రంప తిరుగుబాటుకూ, 1922-24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలోని పోరాటానికీ ఉన్న కారణాలలో పోడు మీద, అటవీ హక్కుల మీద పెట్టిన ఆంక్షలు ముఖ్యమైనవి. ఉత్తరాదిన కుమావూఁ కొండల్లో 1921లో ప్రజలు ప్రభుత్వ రిజర్వు అడవులకు నిప్పు పెట్టి తమ నిరసన తెలిపారు. నిప్పును నేరం చేసిన చోట నిప్పే నిరసన రూపం తీసుకుంది.

నిజాం రాజ్యంలోనూ కథ ఇదే దారిలో నడిచింది. మన పల్లెల్లో ఇప్పటికీ అటవీశాఖను 'జంగ్లాత్' అంటారు. ఆ మాట నిజాం కాలపు ఉర్దూ కార్యాలయాల నుంచి వచ్చింది. చట్టం ఉర్దూలో, అడవి తెలుగులో, గోండీలో, కొలామీలో ఉండేవి. 1355 ఫస్లీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం, మద్రాసు చట్టం రెండింటి స్థానంలో 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. తెలంగాణలో ఈనాటికీ దాని నిబంధనలే ఆధారం.

మీ ప్రగతిని తెలుసుకోండి
(1) 1927 చట్టంలోని 26, 79 సెక్షన్లు గ్రామస్థుణ్ణి ఏ రెండు రకాలుగా చూస్తాయి?
(2) మీ ఊళ్ళో 'జంగ్లాత్' అనే మాట వాడుకలో ఉందా? ఏ సందర్భంలో వాడతారు?

4. తిరుగుబాటు తరువాత బడి: మార్లవాయి

అడవి సమస్యకూ పాఠశాలకూ మధ్య ఉన్న సంబంధం హైదరాబాద్ సంస్థానంలో ఒక చోట స్పష్టంగా కనిపిస్తుంది. ఆదిలాబాద్ జిల్లాలో రిజర్వు హద్దులు పెరిగేకొద్దీ గోండులు, కొలాములు సాగుచేసుకుంటున్న నేల నుంచి వెళ్ళగొట్టబడ్డారు. ఖాళీ చేయని గూడేల ఇళ్ళను అటవీ సిబ్బంది తగలబెట్టారని మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రాశాడు. అడవిని నిప్పు నుంచి కాపాడే పని మీద ఉన్నవారే మనుషుల ఇళ్ళకు నిప్పు పెట్టారు. కొమరం భీం నాయకత్వంలో జోడేఘాట్ ప్రాంతంలో తిరుగుబాటు జరిగింది. 1940లో భీం పోలీసు కాల్పుల్లో మరణించాడు.

ఆ తరువాత నిజాం ప్రభుత్వం గిరిజనుల పరిస్థితిని అధ్యయనం చేసే పని హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయి గ్రామంలో నివసించాడు. భూమి పట్టాలతోపాటు చదువు కూడా కావాలని సూచించాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. గోండు యువకులే గోండు పిల్లలకు గురువులయ్యారు.

దీని నుంచి మనం గ్రహించవలసినది ఏమిటి? పిల్లవాడి ఇంటి జ్ఞానాన్ని తప్పుగా చూపే చదువు నిలబడదు. ఆ జ్ఞానాన్ని గుర్తించి, దాని మీద కొత్త విషయాన్ని కట్టే చదువు నిలబడుతుంది. జోగిపేట సభ 1930లో భాష గురించి అన్నదీ, మార్లవాయి 1943లో చేసి చూపినదీ ఒక్కటే.

5. అటవీ అధికారులకే వచ్చిన సందేహం

అడవిలో నిప్పు పూర్తిగా ఆపగలిగితే అడవి బాగుపడుతుందా? ఈ ప్రశ్నను మొదట లేవనెత్తినవారిలో బ్రిటిష్ అటవీ అధికారులే ఉన్నారు. 1896లో హెచ్. స్లేడ్ అనే అధికారి 'ఇండియన్ ఫారెస్టర్' పత్రికలో, బర్మాలో అగ్నిరక్షణ మితిమీరిందని వ్యాసం రాశాడు. అక్కడి తేమ అడవుల్లో ఏళ్ళ తరబడి మంటలు రాకుండా చూస్తే, టేకు మొలకల మీద వెదురూ ఇతర చెట్లూ కమ్ముకున్నాయి. వెలుతురు లేక టేకు ఎదగలేదు. ఏ చెట్టు కోసం నిప్పును ఆపారో ఆ చెట్టుకే నష్టం కలిగింది. చాలా వాదోపవాదాల తరువాత 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో బర్మా టేకు అడవులు అనేకచోట్ల ఆ విధానాన్ని సడలించారు.

మనకు దగ్గరి ఉదాహరణ కర్ణాటకలోని బిళిగిరిరంగ కొండలు. అక్కడి సోలిగలు వేసవి ముదరకముందే నేల మీది ఎండుటాకును తక్కువ మంటతో కాల్చే ఆచారాన్ని 'తరగు బెంకి' అంటారు. 1974లో ఆ కొండలు వన్యప్రాణి సంరక్షణ కేంద్రం కావడంతో ఆ అలవాటు ఆగిపోయింది. ఆ తరువాతి దశాబ్దాల్లో లంటానా పొద అడవి అంతటా అల్లుకుంది. కాల్చడం ఆపినందువల్లనే లంటానా పెరిగిందని సోలిగలు అంటారు. మంట ఒక్కటే కారణం కాకపోవచ్చని పరిశోధకులు జాగ్రత్తగా చెబుతున్నారు. ఏమైనా వారి మాటను ఇప్పుడు శాస్త్రజ్ఞులు వింటున్నారు, పరీక్షిస్తున్నారు. వందేళ్ళ క్రితం ఇలా వినేవారు లేరు.

మన తెలంగాణ అడవుల సంగతి చూద్దాం. ఇవి చాలావరకు పొడి ఆకురాల్చు అడవులు. మాఘం నుంచి చైత్రం దాకా ఆకు రాలి నేల మీద పరుపులా పడుతుంది. ఇక్కడ పుట్టే మంట సాధారణంగా నేలబారు మంట. అది ఎండుటాకును, గడ్డిని తింటూ పోతుంది. చెట్ల కొమ్మల మీదుగా ఎగిరే మంటలు ఇక్కడ అరుదు. మందపాటి బెరడు ఉన్న పెద్ద చెట్లు బతుకుతాయి. టేకు, మోదుగు వంటి మొక్కల పైభాగం కాలినా వేరు బతికి, వాన పడగానే మళ్ళీ చిగురు పెడుతుంది. ఏటా అదే చోట కాలితే మాత్రం ఆ చిగురు ఎన్నటికీ మంట ఎత్తు దాటలేదు. మొక్క మొక్కగానే ఉండిపోతుంది. నేల మీద గుడ్లు పెట్టే పక్షులు, పురుగులు, నేలను కప్పి ఉంచే ఆకు కుళ్ళు నశిస్తాయి. తొలకరి వానకు ఆ బట్టనేల కొట్టుకుపోతుంది.

కాబట్టి అడవి మంటను మంచిదా చెడ్డదా అని అడిగితే చాలదు. ఏ అడవి, ఏ నెల, ఎన్నేళ్ళకు ఒకసారి, ఎంత మంట, ఎవరి అదుపులో అని అడగాలి. పిల్లలకు నేర్పవలసిన అగ్ని జీవావరణ శాస్త్రం ఈ ఐదు ప్రశ్నలలో ఉంది.

6. 1944: ఒక ఎలుగుబంటి, ఒక ఓడ

పిల్లలకు అగ్ని గురించి చెప్పడం ప్రభుత్వాల కార్యక్రమంగా మారింది 20వ శతాబ్దంలోనే. 1944 రెండు రకాల పాఠాలకు గుర్తుగా నిలిచింది.

ఆ ఏడాది ఆగస్టు 9న అమెరికా అటవీశాఖ స్మోకీ బేర్ అనే ఎలుగుబంటి బొమ్మను ప్రచారంలోకి తెచ్చింది. టోపీ పెట్టుకున్న ఆ ఎలుగుబంటి, అడవి మంటలను ఆపగలిగింది నువ్వే అని పిల్లలకు చెప్పేది. అంతకు ముందే, 1935 నుంచి, ఎక్కడ మంట కనిపించినా మర్నాడు ఉదయం 10 గంటలలోపు అదుపులోకి తేవాలన్నది ఆ శాఖ నియమం. ప్రచారం బాగా విజయవంతమైంది. దశాబ్దాలు గడిచాక దాని మరో ముఖం కనిపించింది. చిన్న మంటలు లేని అడవుల్లో ఎండు కట్టె, పొదలు పేరుకుపోయి, అంటుకున్నప్పుడు ఆర్పలేని పెద్ద మంటలు లేచాయి. 2001లో స్మోకీ నినాదంలోని 'అడవి మంటలు' అనే మాటను 'అదుపు తప్పిన మంటలు' అనే అర్థమిచ్చే మాటతో మార్చారు. నిపుణులు అదుపులో ఉంచి పెట్టే మంట వేరు, అదుపు తప్పినది వేరు అని పిల్లలకు చెప్పవలసి వచ్చింది.

అదే 1944లో ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి, పేలుడు పదార్థాలు కలిపి నింపిన ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకొని పేలింది. ఆర్పడానికి వెళ్ళిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14న జాతీయ అగ్నిమాపక సేవా దినం, ఆ రోజు నుంచి 20 వరకు వారోత్సవాలు జరుగుతాయి. మీ పాఠశాలకు అగ్నిమాపక శకటం వచ్చి, నురుగు చల్లి చూపించేది ఆ వారంలోనే. ఎందుకు ఆ తేదీ అని పిల్లలకు ఎవరైనా చెప్పారా?

మన దేశంలో పాఠశాలకూ అగ్ని భద్రతకూ చట్టపరమైన బంధం ఒక పెద్ద విషాదం తరువాత ఏర్పడింది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల వంటశాలలో మొదలైన మంట పూరికప్పుకు అంటుకొని 94 మంది పిల్లలను బలితీసుకుంది. ఆ నేపథ్యంలో దాఖలైన అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు చెప్పింది. చదువుకునే హక్కులో సురక్షితమైన పాఠశాలలో చదువుకునే హక్కు కూడా ఉందని ప్రకటించింది. బడిలో మంటలార్పే సాధనాలు ఉండాలనీ, ఉపాధ్యాయులకు వాటిని వాడే శిక్షణ ఇవ్వాలనీ ఆదేశించింది.

ఈ రెండు పాఠాల తేడా గమనించండి. స్మోకీ పాఠం బాధ్యతను పిల్లవాడి భుజం మీద పెట్టింది. కుంభకోణం తరువాతి తీర్పు బాధ్యతను పెద్దల మీద, భవనం మీద, ప్రభుత్వం మీద పెట్టింది. రెండూ అవసరమే. మొదటిది ఒక్కటే చెప్పి రెండోది మరిచిపోవడం మన తరగతి గదుల్లో తరచు జరిగే పొరపాటు.

7. రెండు పుస్తకాల మధ్య పడిపోయిన నిప్పు

పర్యావరణ విద్య అన్ని స్థాయుల్లో ఉండాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఆదేశించింది. ఆ ఆదేశాల వల్ల పాఠ్యపుస్తకాల్లో అడవులు, కాలుష్యం వంటి విషయాలు పెరిగాయి. మీ ఇంట్లో 8వ తరగతి పుస్తకాలు ఉంటే తెరిచి చూడండి. భౌతిక శాస్త్రంలో దహనం ఉంటుంది: కొవ్వొత్తి జ్వాల, ఇంధనాలు, జ్వలన ఉష్ణోగ్రత. సాంఘిక శాస్త్రంలో అడవులు ఉంటాయి: రిజర్వు అడవులు, గిరిజనుల హక్కులు, పోడు. జ్వాలకు అడవి తెలియదు, అడవికి జ్వాల తెలియదు. పిల్లవాడి తాత పెట్టే గుట్ట మీది నిప్పు రెండు పుస్తకాల మధ్య ఎక్కడో పడిపోయింది.

ఇప్పుడు మంటను ఆకాశం నుంచి చూసే సాధనాలు కూడా వచ్చాయి. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో అగ్ని హెచ్చరికలు పంపుతోంది. మోడిస్ అనే పరికరానికి ఒక కిలోమీటరు చదరం, విర్స్ అనే కొత్త పరికరానికి 375 మీటర్ల చదరం ఒక బిందువుగా కనిపిస్తుంది. దేశంలోని అటవీ విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచు మంటలకు గురయ్యే అవకాశం ఉందని ఆ సంస్థ 2019 నివేదిక అంచనా వేసింది. మన దేశంలో అడవి మంటలు ఎక్కువగా మనుషుల వల్లనే పుడతాయని కూడా అధికారిక నివేదికలు చెబుతాయి. ఉపగ్రహం వేడిని చూస్తుంది, కారణాన్ని చూడదు. ఎవరు, ఏ అవసరం కోసం, ఏ భయంతో నిప్పు పెట్టారో తెలుసుకోవడానికి ఊళ్ళోకి వెళ్ళి అడగాలి. అది చరిత్ర విద్యార్థి పని.

8. జోగిపేట గుట్టల నుంచి పటాన్‌చెరు షెడ్ల దాకా

ఒక తరం కిందటి గుట్ట, నేటి గుట్ట ఒకటి కాదు. అప్పుడు మంట గుట్ట అంచున దున్నిన చేను దగ్గరో, బండల దగ్గరో ఆగిపోయేది. ఇప్పుడు అదే అంచున 2015లో మొదలైన హరితహారం మొక్కలు ఉండవచ్చు. ప్లాస్టిక్ కుప్ప, కరెంటు తీగలు, వెంచర్ ప్లాట్లు, గోదాములు ఉండవచ్చు. చేలలోనూ మార్పు వచ్చింది. హార్వెస్టర్ కోసిన వరి కొయ్యకాలు, చెరకు ఆకు, పత్తి కట్టె పెద్ద ఎత్తున కాలుస్తున్నారు. పొగ రోడ్డు మీదికి వస్తే ఎదురు బండి కనిపించదు. అందుకే, తాతకు తెలిసిన నిప్పు జ్ఞానం తప్పు కాకపోయినా, ఆ జ్ఞానం పుట్టిన గుట్ట మాత్రం మారిపోయింది.

జోగిపేట నుంచి సంగారెడ్డి మీదుగా పటాన్‌చెరు వైపు వెళ్ళండి. 1970ల నుంచి పెరిగిన పారిశ్రామిక వాడల్లో నిప్పు మరో రూపంలో ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ సంబంధిత కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులు. వీరి పిల్లలు, ఇరుగుపొరుగు కార్మికుల పిల్లలు మీ తరగతిలో కూర్చుంటారు. వారికి నిప్పు వార్తాపత్రికలోని విషయం కాదు.

ఇక్కడ చరిత్ర మనకు ఒక హెచ్చరిక చేస్తుంది. అడవి కాలితే కాపరి నిర్లక్ష్యమనీ, కర్మాగారం కాలితే కార్మికుడి నిర్లక్ష్యమనీ అనేయడం సులభం. ఒక్కొక్కసారి అది నిజమూ కావచ్చు. ప్రతి ప్రమాదానికీ కారణం తేల్చడం దర్యాప్తుల పని. కానీ వ్యక్తి తప్పుతోనే పాఠం ముగిస్తే, భద్రతా నియమాలు, తనిఖీలు, శిక్షణ, బయటికి దారి ఉన్నాయా లేవా అనే ప్రశ్నలు పిల్లలకు ఎన్నటికీ తట్టవు. 1878 నుంచి అడవి విషయంలో మనం చేస్తూ వచ్చిన తప్పును కర్మాగారం విషయంలో మళ్ళీ చేసినట్లవుతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి
(3) బర్మా టేకు అడవుల అనుభవానికీ, అమెరికాలో స్మోకీ నినాదం మార్పుకూ ఉన్న పోలిక ఏమిటి?
(4) కుంభకోణం తరువాతి తీర్పు బాధ్యతను ఎవరి మీద ఉంచింది?

9. తరగతి గదిలో ఏం చేయవచ్చు

మీరు ఉపాధ్యాయులైతే ఈ పనులు ప్రయత్నించండి. కాకపోతే మీ వీధి పిల్లలతో చేయండి.

మొదటిది, నిప్పుల పంచాంగం. పుష్యం నుంచి జ్యేష్ఠం వరకు నెలలు ఒక అట్ట మీద రాయండి. భోగి మంట, కాముని దహనం, తునికాకు కాలం, కొయ్యకాలు కాల్చే రోజులు, గుట్ట మీది గడ్డి మంట ఏ నెలలో వస్తాయో పిల్లలు ఇళ్ళలో అడిగి నింపాలి. ప్రతి మంట పక్కన మూడు విషయాలు రాయించండి: ఎందుకు పెట్టారు, ఎలా అదుపు చేశారు, ఎప్పుడైనా అదుపు తప్పిందా. పేర్లు రాయించవద్దు. ఇది నేర పరిశోధన కాదని పిల్లలకూ, పెద్దలకూ ముందే చెప్పండి. లేకపోతే ఎవరూ నిజం చెప్పరు.

రెండవది, మంట ముక్కోణం. వేడి, ఇంధనం, గాలిలోని ఆక్సిజన్ మూడూ ఉంటేనే మంట. ఒకటి తీసేస్తే ఆరిపోతుంది. ఆకు ఊడ్చి అగ్ని నిరోధక రేఖ గీయడం అంటే ఇంధనం తీసేయడం. తడి గోనె కప్పడం అంటే గాలి ఆపడం. నీళ్ళు చల్లడం అంటే వేడి తగ్గించడం. ఊళ్ళో పచ్చి కొమ్మలతో మంటను కొట్టి ఆర్పే పద్ధతి ఈ ముక్కోణంలో ఎక్కడ సరిపోతుందో పిల్లలనే చెప్పమనండి.

మూడవది, ప్రాణరక్షణ. మంట ఎత్తు వైపు వేగంగా ఎక్కుతుంది, ఎందుకంటే పైనున్న గడ్డిని అది ముందే వేడెక్కిస్తుంది. కాబట్టి గుట్ట మీద మంట కనిపిస్తే పైకి పరుగెత్తకూడదు. గాలి వీచే దిశకు అడ్డంగా, పక్కకు తప్పుకోవాలి. పిల్లలు మంట ఆర్పడానికి వెళ్ళకూడదు, పెద్దలకు చెప్పాలి, 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి. బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా ఆగి, నేల మీద పడుకొని, ముఖం చేతులతో కప్పుకొని దొర్లాలి. నూనె మంట మీద, కరెంటు మంట మీద నీళ్ళు పోయకూడదు. పొగ నిండిన గదిలో వంగి నడవాలి, మంచి గాలి నేల దగ్గర ఉంటుంది. ఈ మాటలు చెప్పి వదిలేయకుండా ఆడించి చూపండి. శరీరం నేర్చుకున్నది భయంలో కూడా గుర్తుంటుంది.

నాలుగవది, బడిని చూడటం. పిల్లలు తమ బడిని తామే తనిఖీ చేయాలి. వంటగది ఎక్కడ ఉంది? రెండో దారి ఉందా, దానికి తాళం వేసి ఉందా? మంటలార్పే సిలిండరు మీద తేదీ ఏమిటి? ఇసుక బకెట్లలో ఇసుక ఉందా? ఈ జాబితాను ప్రధానోపాధ్యాయులకు అందజేయాలి. సురక్షితమైన బడి తమ హక్కు అని వారికి ఆ రోజే తెలుస్తుంది.

10. సారాంశం

అడవిలో నిప్పు ఒకప్పుడు పనిముట్టు. వలసకాలపు చట్టాలు దాన్ని నేరంగా, దాన్ని వాడేవారిని అనుమానితులుగా మార్చాయి. ఆ దృష్టి పాఠశాలకు 'నిప్పు పెట్టవద్దు' అనే ఒక్క వాక్యంగా చేరింది. బర్మాలో, అమెరికాలో, బిళిగిరి కొండల్లో ఆ వాక్యం చాలదని తేలింది. మన పొడి అడవుల్లో ఏటేటా కాల్చడం నిజంగా హాని చేస్తుంది, అదీ చెప్పాలి. మంట శాస్త్రం, మంట చరిత్ర, మంట నుంచి ప్రాణరక్షణ, సురక్షితమైన చోటు మీద హక్కు కలిసినప్పుడే పిల్లలకు అగ్ని పాఠం పూర్తవుతుంది.

ఆ ఏడో తరగతి పిల్లవాడు ఇప్పుడు మళ్ళీ అడిగితే నేను ఇలా చెబుతాను: మీ తాత దొంగ కాదు. ఆయనకు నిప్పు తెలుసు. కానీ గుట్ట మారింది, మొక్కలు వచ్చాయి, తీగలు వచ్చాయి, చట్టమూ ఒప్పుకోదు. ఇంటికి వెళ్ళి, మంటను ఎలా ఆపేవాడివి తాతా అని అడుగు. ఆయన చెప్పింది రాసుకొని రా, రేపటి పాఠం నువ్వే చెబుదువు.

మీ తరగతిలోనూ అలాంటి పిల్లవాడు ఒకడు ఉంటాడు. నా లాగా చట్టం చెప్పి కూర్చోబెట్టకండి.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వలసకాలపు అటవీ చట్టాలు నిప్పు పట్ల గ్రామీణుల సంబంధాన్ని ఎలా మార్చాయో వివరించండి.
2. పాఠశాలలో అగ్ని భద్రత వ్యక్తి బాధ్యత నుంచి హక్కుగా మారిన క్రమాన్ని చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మార్లవాయి ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం.
2. తరగు బెంకి.
3. పొడి ఆకురాల్చు అడవులలో నేలబారు మంట ప్రభావం.

III. క్షేత్రకార్యం
మీ ఊళ్ళో 60 ఏళ్ళు దాటిన ముగ్గురితో మాట్లాడి, నిప్పుల పంచాంగం తయారుచేయండి. వారి చిన్ననాటికీ నేటికీ వచ్చిన మార్పులను రెండు పేజీలలో రాయండి.